గ్రామీణ వైద్యశాలల కట్టడములు: అవసరముల అంచనా, మరమ్మతు

దేశమునకు పల్లెలు పట్టుగొమ్మలని మనము తరచు చెప్పుకొందుము. ఆ పట్టుగొమ్మకు జబ్బు చేసినప్పుడు ఎచ్చటికి పోవునన్న ప్రశ్నను మాత్రము అంత తరచుగా వేసికొనము. వైద్యుడు లేని ఆసుపత్రిని గురించి, మందులు లేని ఆసుపత్రిని గురించి పత్రికలలో వ్రాతలు వచ్చుచునే యున్నవి. వానకు కురియు ప్రసూతి గదిని గురించి, నీరు రాని మరుగుదొడ్డిని గురించి, మంచము పట్టని తలుపును గురించి వ్రాయువారు తక్కువ. కట్టడము మూగది, తన బాధను తాను చెప్పుకొనలేదు. ఆ బాధను రోగి అనుభవించును, కాని రోగికి అది తన రోగములో భాగముగనే తోచును.

వైద్యశాల కట్టడము వైద్యమునకు వెలుపలి వస్తువు కాదనియు, అది వైద్యములో ఒక భాగమనియు మా అభిప్రాయము. ఇంగ్లండులో ఫ్లారెన్సు నైటింగేలు 1859లో ఆసుపత్రుల నిర్మాణమును గూర్చి ప్రత్యేకముగ ఒక గ్రంథమును ప్రకటించినది. గాలి, వెలుతురు, పడకల నడుమ ఎడము, మురుగు పోవు దారి సరిగా లేనిచో రోగి తాను తెచ్చుకొన్న జబ్బుతో గాక ఆసుపత్రి ఇచ్చిన జబ్బుతో మరణించునని ఆమె వాదము. ఆ మాట నేటికిని పాతబడలేదు. కనుక గ్రామీణ వైద్యశాలకు ఏమి కావలెనో ఎట్లు కొలువవలెను, ఉన్నదానిని బాగుచేయవలెనా లేక క్రొత్తది కట్టవలెనా అను నిర్ణయము ఎట్లు చేయవలెను అను విషయమును ఈ వ్యాసములో విచారింతుము.

పూర్వుల దృష్టి

వైద్యశాలను నెలకొల్పుట మన దేశమునకు క్రొత్త కాదు. గుంటూరు మండలమందలి మల్కాపురము శాసనము 1261వ సంవత్సరము నాటిది. కాకతీయ గణపతిదేవుడును, రుద్రమదేవియు విశ్వేశ్వర శివాచార్యులకు గ్రామములను దానము చేసిన సంగతి దానియందు కలదు. ఆ గ్రామముల ఆదాయములో కొంత భాగము ప్రసూతిశాలకును, ఆరోగ్యశాలకును కేటాయింపబడినది. ఇచ్చట గమనింపవలసిన విషయమొకటి యున్నది. దాతలు కట్టడమును మాత్రమే ఇచ్చి ఊరకుండలేదు. ఆ కట్టడము నడచుటకు శాశ్వతమైన ఆదాయమును ముందుగనే ఏర్పరచిరి.

ఇస్లామీయ సంప్రదాయమునందును ఇదే దృష్టి కనబడును. బాగ్దాదు, డెమాస్కసు, కైరో నగరములలోని బీమారిస్తానులనబడు గొప్ప ఆసుపత్రులు వక్ఫు ఆదాయముపై నడచినవి. వక్ఫు ధర్మములో ఒక సూత్రము మిక్కిలి ఆలోచింపదగినది. వక్ఫు ఆస్తిపై వచ్చు ఆదాయములో మొట్టమొదటి ఖర్చు ఆ ఆస్తి మరమ్మతునకే చెందవలెను. దాత ఆ షరతును పత్రములో వ్రాసినను, వ్రాయకున్నను ఇదే నియమమని హనఫీ ధర్మశాస్త్రవేత్తలు నిర్ణయించిరి. కట్టడము కూలిపోయిన పిదప పుణ్యము మాత్రము నిలుచుటెట్లు అని వారి తర్కము.

స్థలనిర్ణయమును గూర్చియు ఒక ప్రసిద్ధమైన కథ కలదు. బాగ్దాదులో ఆసుపత్రి ఎచ్చట కట్టవలెనని అడిగినప్పుడు, మహావైద్యుడగు అర్ రాజీ నగరములోని వేర్వేరు తావులలో మాంసపు ముక్కలను వ్రేలాడగట్టించి, ఏ తావున మాంసము ఆలస్యముగా కుళ్ళెనో ఆ తావును ఎంచెనని చెప్పుదురు. కథలో చరిత్ర ఎంత, కల్పన ఎంత యను విచారణ అటుంచి, దాని నీతి స్పష్టము: కట్టుటకు ముందు కొలువుము.

మన హైదరాబాదులో మహమ్మద్ కులీ కుతుబ్‌షాహు 1595 ప్రాంతమున కట్టించిన దారుల్‌షిఫా విశాలమైన ముంగిలి చుట్టును గదులుండునట్లు నిర్మింపబడినది. వికారాబాదు చెంత అనంతగిరి కొండపై నిజాము కాలమున క్షయ చికిత్సాలయము వెలసినది. మదనపల్లె చెంత ఆరోగ్యవరమునందును అట్టిదే యొకటి ఇరువదవ శతాబ్దపు తొలి దశాబ్దములలో నెలకొన్నది. మందులు దొరకని ఆ కాలమున ఈ కట్టడముల వసారాలు, కిటికీలు, కొండగాలియే మందుగా పనిచేయవలసి యుండెను.

మనము నిత్యము వాడు మాటలలోనే ఈ దృష్టి దాగియున్నది. ‘మరమ్మతు’ అరబీ నుండి ఉర్దూ మీదుగా తెలుగునకు వచ్చిన మాట. ‘ఇమారతు’ అను పదమునకును, ఆయుస్సు అను అర్థము గల ‘ఉమ్రు’ అను పదమునకును ధాతువు ఒక్కటే. కట్టడమనగా ఆయుస్సు గలది. ఆయుస్సు గల దానికి పోషణ కావలెను.

నేటి వ్యవస్థ

సర్ జోసెఫ్ భోర్ అధ్యక్షతన 1943లో ఏర్పడిన సంఘము 1946లో తన నివేదికను సమర్పించినది. వైద్యము ప్రజల వాకిటికి రావలెననియు, అందుకు ప్రాథమిక ఆరోగ్య కేంద్రములు పునాది కావలెననియు ఆ నివేదిక సారాంశము. 1952లో సమాజాభివృద్ధి పథకముతో పాటు ఆ కేంద్రముల స్థాపన ఆరంభమైనది. నేడు వ్యవస్థ మూడంచెలుగా నున్నది. మైదాన ప్రాంతములో 5,000 జనాభాకు ఒక ఉపకేంద్రము, 30,000 జనాభాకు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రము, 1,20,000 జనాభాకు ఒక సామాజిక ఆరోగ్య కేంద్రము ఉండవలెను. కొండ ప్రాంతములకును, గిరిజన ప్రాంతములకును ఈ సంఖ్యలు వరుసగా 3,000, 20,000, 80,000. ప్రాథమిక కేంద్రమునకు ఆరు పడకలు, సామాజిక కేంద్రమునకు ముప్పది పడకలు నియమము.

ఏ కేంద్రమునందు ఏ సదుపాయములుండవలెనో తెలుపు భారత ప్రజారోగ్య ప్రమాణములను కేంద్ర ప్రభుత్వము 2007లో ప్రకటించి, 2012లోను, 2022లోను సవరించినది. 2012 నాటి ప్రమాణముల ప్రకారము ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు కట్టడము 375 నుండి 450 చదరపు మీటర్ల వైశాల్యము కలిగియుండవలెను. శస్త్రచికిత్స గది ఉన్నచో పెద్దది, లేనిచో చిన్నది. 2018 నుండి ఉపకేంద్రములను, ప్రాథమిక కేంద్రములను ఆరోగ్య స్వస్థతా కేంద్రములుగా మార్చు పథకము నడచినది. 2023లో వాటికి ఆయుష్మాన్ ఆరోగ్య మందిరములని పేరు పెట్టిరి. తెలంగాణలో పల్లె దవాఖానలని వ్యవహరింపబడునవి ఈ వరుసలోనివే. సొంత కట్టడములు లేని గ్రామీణ కేంద్రములకు కట్టడముల నిర్మాణము మొదలగు ఆరోగ్య కార్యములకై పదునైదవ ఆర్థిక సంఘము 2021–26 కాలమునకు స్థానిక సంస్థల ద్వారా 70,051 కోట్ల రూపాయల గ్రాంటును సిఫారసు చేసినది.

కనుక ప్రమాణములు లేకపోలేదు. ధనము బొత్తిగా లేకపోలేదు. లోపమెచ్చటనున్నదనగా, ఒక్కొక్క ఊరి ఆసుపత్రి యొక్క నిజస్థితిని ప్రమాణముతో పోల్చి చూచి, ఏది ముందు, ఏది వెనుక అని తేల్చు పనిలోనున్నది. రాజధానిలో గీసిన ఒకే నమూనా నల్లరేగడి నేలపైనను, సముద్రతీరపు ఇసుకపైనను, ఏజెన్సీ కొండవాలుపైనను ఒకే తీరుగ నిలువదు.

మొదటి కొలత: రోగి నడచు దారి

అంచనా వేయు ఇంజనీరు సాధారణముగ కట్టడముతో ఆరంభించును. మేము రోగితో ఆరంభింపవలెనని చెప్పుదుము. నెలలు నిండిన గర్భవతి ఒకతె రాత్రి రెండు గంటలకు నొప్పులతో ఆటోలో వచ్చినదనుకొందము. ఆమె వెంట నడచి చూడవలెను. ఊరినుండి ఆసుపత్రికి దారి యెట్టిది? వానకాలమున వాగు అడ్డుపడునా? దారిలో దీపములున్నవా? ఆటో గుమ్మము వరకు రాగలదా? గుమ్మమునకు ఎన్ని మెట్లు? ప్రసూతి గది తలుపులో స్ట్రెచరు తిరుగునా? ఆ గదికి ఆనుకొని మరుగుదొడ్డి కలదా, లేక ఆమె వరండా దాటి, ఆవరణ దాటి, చీకటిలో పోవలెనా? ప్రసవమైన పిదప తల్లియు, బిడ్డయు ఉండుటకు వేరు గది కలదా? వెంట వచ్చిన తల్లి, అత్త ఎచ్చట కూర్చుందురు?

ఈ ప్రశ్నలకు జవాబులు వ్రాసికొన్నచో అవసరముల జాబితాలో సగము తయారైనట్లే. ఉదాహరణమునకు మెట్లనే చూతము. చక్రముల కుర్చీ ఎక్కుటకు వాలుదారి ఒక మీటరు ఎత్తునకు పండ్రెండు మీటర్ల పొడవు చొప్పున ఉండవలెనని నియమము. అరుగు అరువది సెంటీమీటర్ల ఎత్తున నున్నచో వాలుదారి ఏడు మీటర్లకు పైగా సాగవలెను. పెక్కుచోట్ల రెండు మీటర్లలో నిటారుగా పోసిన సిమెంటు వాలును చూచుచుందుము. లెక్క ప్రకారము వాలుదారి ఉన్నది. దానిపై ముసలివానిని ఎక్కించుట మాత్రము ఇద్దరు బలవంతుల వలన గాని కాదు. ‘ఉన్నదా, లేదా’ అని అడుగు జాబితాకును, ‘పనిచేయునా, లేదా’ అని అడుగు జాబితాకును గల భేదము ఇదియే.

స్థలమును గూర్చియు ఈ సందర్భముననే విచారింపవలెను. ఆసుపత్రికి భూమిని దానము చేయు పుణ్యాత్ములు మన పల్లెలలో కొదువ లేదు. కాని దానముగా వచ్చు భూమి తరచు ఊరికి దూరముగనో, చెరువు లోతట్టుననో, శ్మశానపు దారిననో ఉండును. ఉచితముగ వచ్చినదని అచ్చట కట్టిన కట్టడమునకు పగలు కొందరు వత్తురు. రాత్రి స్త్రీలు రారు, ఉద్యోగినులు ఉండరు. దాతకు నమస్కరించి, ఆ భూమిని మరియొక పనికి వినియోగించి, ఊరి నడుమ చిన్న స్థలమునైనను సంపాదించుట మేలు.

నర్సుల నివాసగృహములను కూడ అంచనాలో చేర్చవలెను. వాటిని విలాసముగ నెంచి జాబితా చివర వ్రాయుట పరిపాటి. గడియ సరిగా పడని తలుపు, ప్రహరీ లేని ఆవరణ ఉన్నచోట ఒంటరి స్త్రీ రాత్రి కాపురముండదు. ఆమె ఉండనిచో ఇరువదినాలుగు గంటల ప్రసూతి సేవ బోర్డుపై మాత్రమే మిగులును.

నీరు, గాలి, పరిశుభ్రత

రోగి లోపలికి చేరిన పిదప ఆతనికి మొదట కావలసినది నీరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో ప్రకటించిన ప్రమాణముల ప్రకారము వెలుపలి రోగికి ఒక్కొక్క పర్యాయమునకు 5 లీటర్లు, పడకపైనున్న రోగికి దినమునకు 40 నుండి 60 లీటర్లు, ఒక్కొక్క ప్రసవమునకు గాని శస్త్రచికిత్సకు గాని 100 లీటర్లు నీరు కావలెను. దినమునకు నూరుమంది వచ్చు, ఆరు పడకలు గల, ఒక ప్రసవము జరుగు కేంద్రమును తీసికొందము. నూరుమందికి 500 లీటర్లు, ఆరు పడకలకు 360 లీటర్లు, ప్రసవమునకు 100 లీటర్లు. మొత్తము 960 లీటర్లు. అనగా దినమునకు వేయి లీటర్లు. కరెంటు పోయి మోటారు నడువని దినమును కూడ దృష్టిలో ఉంచుకొన్నచో రెండు వేల లీటర్ల తొట్టి కావలెను. ఇంత చిన్న గుణకారము చేయక లక్షలు వెచ్చించి కట్టిన కట్టడముపై ఐదువందల లీటర్ల తొట్టిని పెట్టినచో, సాయంత్రపు ప్రసవమునకు నర్సు చేతులు కడుగుకొనుటకు నీరుండదు. నీటి పరిమాణముతో పాటు గుణమును కూడ పరీక్షింపవలెను; నల్లగొండ వంటి ఫ్లోరైడు ప్రాంతములలో బోరు నీరు ఉన్నంత మాత్రమున త్రాగు నీరు ఉన్నట్లు కాదు.

మరుగుదొడ్లను గూర్చి అదే సంస్థ పడకలపైనున్న ఇరువదిమందికి ఒకటి, వెలుపలి రోగుల విభాగమునకు కనీసము నాలుగు ఉండవలెనని చెప్పినది. ఆ నాలుగింటిలో ఒకటి సిబ్బందికి, ఒకటి స్త్రీలకు, ఒకటి పురుషులకు, ఒకటి పిల్లలకు. పరదా పాటించు స్త్రీలకును, తక్కిన స్త్రీలకును కూడ ఇది సిగ్గునకు సంబంధించిన విషయము మాత్రమే కాదు. మరుగుదొడ్డికి పోవలసివచ్చునని ప్రొద్దుటినుండి నీరు త్రాగక ఆసుపత్రి వరండాలో కూర్చుండు గర్భవతికి కలుగు హాని వైద్యులకు తెలియనిది కాదు.

మూడవది గాలి. క్షయ, ఫ్లూ, కోవిడు వంటి జబ్బులు మూసిన గదిలో వ్యాపించునట్లు తెరచిన గదిలో వ్యాపింపవు. సహజమైన గాలితో నడచు సాధారణ వార్డులో ఒక్కొక్క రోగికి సెకనుకు 60 లీటర్ల గాలి అందవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో నిర్దేశించినది. పల్లె ఆసుపత్రిలో దీనిని కొలుచు యంత్రముండదు. కాని ఎదురెదురు గోడలకు కిటికీలున్నవా, అవి తెరచుకొనునా, వాటికి అడ్డముగా బీరువాలు పెట్టిరా అని చూచుటకు యంత్రమక్కరలేదు. దోమతెరల జాలి చినిగినందున కిటికీలను మేకులు కొట్టి మూసివేసిన వార్డులో జాలిని మార్చుటయే అన్నిటికంటె పెద్ద వైద్యసంస్కరణ.

చివరిది చెత్త. 2016 నాటి నియమముల ప్రకారము ఆసుపత్రి వ్యర్థములను పసుపు, ఎరుపు, తెలుపు, నీలము రంగుల పాత్రలలో వేరుచేయవలెను. ఈ నాలుగు పాత్రలను ఉంచుటకు, సూదులను, రక్తము అంటిన బట్టలను బండి వచ్చువరకు తాళము వేసి భద్రపరచుటకు ఒక చిన్న గది కావలెను. నమూనాలో ఆ గది లేనిచో చెత్త ఆసుపత్రి వెనుక గోడ ప్రక్కకు చేరును; అచ్చట పిల్లలు ఆడుకొందురు.

కట్టడపు దేహపరీక్ష

ఇక కట్టడమును పరీక్షింపవలెను. వైద్యుడు రోగిని చూచునట్లే ఇంజనీరు కట్టడమును చూచును: మొదట కంటితో, పిదప తట్టి, ఆ పిదప పరికరముతో.

కంటికి కనబడు మొదటి లక్షణము చెమ్మ. పైకప్పునుండి దిగు చెమ్మ వేరు, నేలనుండి ఎక్కు చెమ్మ వేరు. మొదటిది కప్పుపై నీరు నిలుచుట వలన, నీటి గొట్టములు ఆకులతో పూడుట వలన వచ్చును. రెండవది పునాదిపై చెమ్మను ఆపు పొర లేనందున గోడలో పైకి ప్రాకును. రెండింటికిని ఒకే సున్నము పూత పూసి కప్పిపెట్టుట రోగికి కారణము తెలిసికొనక జ్వరపు మాత్ర ఇచ్చుట వంటిది.

రెండవ లక్షణము పగులు. సిమెంటు పూతలోని సన్నని వెండ్రుకవాసి పగుళ్ళతో భయము లేదు. ఇటుకల సందులను పట్టుకొని మెట్లవలె ఏటవాలుగ దిగు పగులు పునాది క్రుంగినదనుటకు గుర్తు. నల్లరేగడి నేల వానకు ఉబ్బి, ఎండకు కుంచించుకొనిపోవును. దానిపై లోతులేని పునాదితో కట్టిన గోడ ఏటేట కదలుచుండును. అట్టి పగులుపై గాజు పలకను అతికించి కొన్ని నెలలు చూడవలెను. పలక విరిగినచో కదలిక సాగుచున్నదని అర్థము. అట్టిచోట పునాదిని బాగుచేయక పగులును పూడ్చుట వ్యర్థము.

మూడవది స్లాబునుండి పెచ్చులూడుట. కాంక్రీటులోని క్షారగుణము లోపలి ఉక్కు చువ్వలను త్రుప్పు పట్టకుండ కాపాడును. గాలిలోని బొగ్గుపులుసు వాయువు ఏండ్ల తరబడి లోపలికి చొచ్చి ఆ గుణమును హరించును. నీరు తోడైనచో చువ్వ త్రుప్పు పట్టును. త్రుప్పు మూల లోహము కంటె ఎన్నో రెట్లు చోటు ఆక్రమించును గనుక అది కాంక్రీటును లోపలినుండి పగులగొట్టును. కాన్పు బల్లపై పెచ్చు రాలిన దినమున మనము ఉలిక్కిపడుదుము. ఆ పని అంతకు పది యేండ్ల ముందే ఆరంభమైనది. సుత్తితో తట్టినప్పుడు బోలు ధ్వని వచ్చు చోట్లను గుర్తించి, రీబౌండు సుత్తి పరీక్ష, శబ్దతరంగ పరీక్ష చేయించినచో ఎంత భాగము చెడినదో తెలియును. చువ్వలు పలుచబడనిచో చెడిన కాంక్రీటును తొలగించి, త్రుప్పు గీకి, రక్షణ పూత వేసి, క్రొత్త గారతో పూరింపవచ్చును. చువ్వలు సన్నబడినచో కప్పునే మార్చవలసియుండును.

ప్రకృతి వైపరీత్యములను కూడ మరువరాదు. 2001 జనవరి 26న గుజరాతులో భూకంపము వచ్చినప్పుడు భుజ్ పట్టణములోని జిల్లా ఆసుపత్రియే కూలినది. గాయపడినవారికి చికిత్స చేయవలసిన చోటే మృత్యుస్థలమైనది. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన కోస్తా ప్రజల స్మృతిలో నేటికిని నిలిచియున్నది. ఆపద వచ్చిన దినమున ఊరిలోని తక్కిన ఇండ్లన్నియు పడినను ఆసుపత్రి నిలిచియుండవలెను. తీరప్రాంతములో నేల ఎత్తును, తలుపుల బిగువును, ఉప్పుగాలికి చువ్వలు చెడు వేగమును అంచనాలో ప్రత్యేకముగ వ్రాయవలెను.

విద్యుత్తు, అగ్ని

నాలుగు ఫ్యానులు, పది దీపములకని వేసిన పాత తీగలపై నేడు టీకాల ఫ్రిజ్జు, శిశువులను వెచ్చగనుంచు యంత్రము, ప్రయోగశాల పరికరములు, కంప్యూటరు, ఒక్కొక్కచోట ఏసీ కూడ నడచుచున్నవి. తీగ వేడెక్కును, ఒకనాడు మండును. 2021 జనవరి 9న మహారాష్ట్రలోని భండారా జిల్లా ఆసుపత్రి శిశువుల విభాగములో అగ్నిప్రమాదము సంభవించి పదిమంది పసికందులు మరణించిరి. 2024 నవంబరులో ఝాన్సీ వైద్య కళాశాల శిశువుల విభాగములో అట్టి ఘోరమే మరల జరిగినది. అవి పల్లె ఆసుపత్రులు కావు; కాని పల్లె ఆసుపత్రి నేర్చుకొనవలసిన పాఠము వాటిలో కలదు. ఒక్కొక్క గదిలో ఎంత భారమున్నది, తీగ ఎంత మోయగలదు, ఎర్తింగు సరిగానున్నదా, వార్డునుండి బయటపడుటకు రెండవ దారి కలదా, ఆ దారికి తాళము వేసియున్నదా అని ఏటేట చూడవలెను. టీకాలను 2 నుండి 8 డిగ్రీల చల్లదనములో ఉంచవలెను గనుక కరెంటు పోయినప్పుడు నడచు జనరేటరునో, సౌర ఫలకములనో అవసరముల జాబితాలో ముందు వరుసలో చేర్చవలెను.

మరమ్మతా? క్రొత్త కట్టడమా?

ఇంతవరకు కూర్చిన వివరములను మూడు వరుసలుగ విభజింపవచ్చును. ప్రాణమునకు ముప్పు తెచ్చునవి మొదటి వరుస: ఊడు పెచ్చులు, మాడు తీగలు, నీరు లేని ప్రసూతి గది. సేవకు అడ్డు తగులునవి రెండవ వరుస: ఇరుకు తలుపు, నిటారు వాలుదారి, నివాసగృహముల లేమి. సౌకర్యమును, అందమును పెంచునవి మూడవ వరుస: రంగులు, స్వాగత తోరణము, తోట. మన అనుభవములో ధనము తరచు మూడవ వరుసనుండి ఖర్చగుట ఆరంభించును. ఏలయన అది కంటికి కనబడును, త్వరగ ముగియును.

మొదటి వరుసలోని పని మరమ్మతుతో తీరునా యను ప్రశ్నకు నాలుగు ఉపప్రశ్నలు కలవు. పునాదియు, చువ్వలు, గోడలు ఇంకను బలముగనున్నవా? స్థలము సరియైనదేనా? ఉన్న గదులను మార్చి నేటి అవసరములకు సరిపుచ్చవచ్చునా? మరమ్మతుకగు ఖర్చు, దాని వలన పెరుగు ఆయుస్సుతో పోల్చినప్పుడు క్రొత్త కట్టడపు ఖర్చు కంటె చౌకయా? నాలుగింటికిని ‘ఔను’ అనునది జవాబైనచో కూలగొట్టుట పాపము. మొదటి రెండింటిలో ఒకదానికి ‘కాదు’ అను జవాబు వచ్చినచో అతుకులు వేయుట వృథా. మూడవదియో, నాలుగవదియో అనుమానముగ నున్నచో ఇంజనీరును, వైద్యుని, నర్సును ఒకే చోట కూర్చుండబెట్టి తేల్చుకొనవలెను. నర్సు లేని అంచనా సమావేశము వంటమనిషిని అడుగక కట్టిన వంటయిల్లు వంటిది.

క్రొత్త కట్టడమువైపు మొగ్గుటకు మరియొక కారణము కూడ కలదు. క్రొత్త కట్టడమునకు శంకుస్థాపన ఉండును, ప్రారంభోత్సవము ఉండును, పేర్లు చెక్కిన శిలాఫలకము ఉండును. గొట్టము మార్చినందుకు శిలాఫలకము ఉండదు. కాని రోగి దృష్టిలో కురియని పాత కప్పు, తాళము తీయని క్రొత్త కట్టడము కంటె వేయి రెట్లు మేలు. పని సాగుచుండగా వైద్యము ఆగరాదు. ప్రసూతి గదిని ఎచ్చటికి మార్చుదురు, ఎన్ని దినములు, దుమ్ము లోపలికి రాకుండ ఏమి చేయుదురు అను వివరములు కూడ అంచనా పత్రములో ఉండవలెను. ‘మరమ్మతుల కారణముగ మూయబడినది’ అను పలక నెలల తరబడి వ్రేలాడినచో ఊరి ప్రజలు అప్పుచేసి పట్టణపు నర్సింగుహోములకు పోవుటకు అలవాటుపడుదురు. వారు మరల వచ్చుట కష్టము.

కట్టిన పిదప

మల్కాపురము దాత, వక్ఫు దాత ఎరిగిన రహస్యమును మనము మరల నేర్చుకొనవలసి యున్నది. 2005లో ఆరంభమైన జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషను ఈ దిశలో ఒక మంచి అడుగు వేసినది. సొంత కట్టడము గల ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు ఏటా 50,000 రూపాయలు నిర్వహణకును, 25,000 రూపాయలు స్థానిక అవసరములకును ఆ పథకము ఏర్పరచినది. ఆ ధనమును ఖర్చుచేయుటకు ఆసుపత్రి అభివృద్ధి సంఘములను నెలకొల్పినది. మొత్తము చిన్నదే కావచ్చును, సూత్రము గొప్పది. వానకాలమునకు ముందు కప్పును ఊడ్పించుటకు, కుళాయి వాషరును మార్చుటకు జిల్లా కార్యాలయము అనుమతికై ఎదురుచూడనక్కరలేదు.

నిర్లక్ష్యము ఎంత గొప్ప కట్టడమునైనను క్రుంగదీయుననుటకు దూరము పోనక్కరలేదు. హైదరాబాదులోని ఉస్మానియా ఆసుపత్రి పాత భవనము శిల్పసంపదకు పేరుపొందినది. 2020 జూలైలో వాననీరు ఆ భవనపు వార్డులలో ప్రవేశించి, మంచములపైనున్న రోగులను చుట్టుముట్టినది. అటుపిమ్మట ఆ భవనమును ఖాళీ చేయించిరి. రాజధాని నడుమనున్న ఘనమైన కట్టడమునకే ఈ గతి పట్టినప్పుడు, మారుమూల పల్లెలోని ఆరు పడకల ఆసుపత్రిని ఎవరు కాపాడుదురు? ఆ ఊరివారే కాపాడవలెను. ప్రతి కేంద్రమునకు ఒక మరమ్మతు పుస్తకము ఉండవలెను. ఏ దినమున ఏమి చెడినది, ఎవరికి తెలిపిరి, ఎప్పుడు బాగుపడినది అను మూడు గళ్ళు చాలును. ఆ పుస్తకము గ్రామసభలో ఏటికి రెండు మారులు చదువబడవలెను.

విద్యార్థులకు ఒక సూచన

మన కళాశాల విద్యార్థులలో పెక్కుమంది పల్లెలనుండి వచ్చినవారు. సెలవులకు స్వగ్రామమునకు పోయినప్పుడు ఒక టేపు, ఒక పుస్తకము, ఒక పెన్సిలు తీసికొని ఊరి ఆరోగ్య కేంద్రమునకు పొండు. వైద్యాధికారి అనుమతి పొంది, వాలుదారిని కొలువుడు, తొట్టి పరిమాణమును వ్రాయుడు, తెరచుకొను కిటికీలను లెక్కింపుడు, మరుగుదొడ్డి కుళాయిని త్రిప్పి చూడుడు. రోగుల చిత్రములను తీయవలదు, వారి పేర్లను వ్రాయవలదు. వారి బాధ మన పాఠమునకు వస్తువు కారాదు. ఏ.ఎన్.ఎం. అక్కను, ఆశా కార్యకర్తను, ఊడ్చు తల్లిని అడుగుడు: ఈ కట్టడములో మీకు మిక్కిలి కష్టము కలిగించునది ఏది? వారి జవాబును వారి మాటలలోనే వ్రాసికొనుడు. విజ్ఞానశాస్త్ర విద్యార్థి నీటిని పరీక్షింపవచ్చును, వాణిజ్య విద్యార్థి ఖర్చును లెక్కకట్టవచ్చును, తెలుగు, ఉర్దూ విద్యార్థులు ఆ నివేదికను ఊరివారికి అర్థమగు భాషలో వ్రాయవచ్చును. అట్టి నివేదికను పంచాయతీకి, ఆసుపత్రి అభివృద్ధి సంఘమునకు సమర్పించినచో అది ఏ పరీక్ష పత్రము కంటెను విలువైనది.

వైద్యము కోరి వచ్చినవానికి మొదట ఎదురగునది వైద్యుడు కాదు, గుమ్మము. ఆ గుమ్మము ఆతనిని లోపలికి రానీయవలెను, పైకప్పు ఆతనిని కాపాడవలెను, కుళాయి ఆతనికి నీరీయవలెను. ఈ మూడింటిని కొలిచి, చెడినదానిని చెడిన యేడే బాగుచేసికొను ఊరు ఆరోగ్యమునకు సగము దూరము నడచినట్లే. మిగిలిన సగము నడచుటకు వైద్యులకు, నర్సులకు అప్పుడు చోటు దొరకును.